ముందు సీటు మర్యాద

నల్లకొండ అడవిలో జంతువులు నడవడం మానేసి చాలాకాలమైంది. జింకలు కూడా జీపు కోసం ఎదురుచూసే రోజులొచ్చాక టైర్ల కొట్టువాడికి లోటేముంటుంది? ఆ కొట్టు నక్క రంగనాయకులుది. అరిగిన టైరుకు కొత్త రబ్బరు అతికించి, నల్ల పాలిషు పట్టించి, కొత్తదాంట్లో సగం ధరకు అమ్మేవాడు. రీట్రెడ్ టైర్లంటే అవే.

నిజానికి ఆ వ్యాపారంలో తప్పులేదు. లోపలి టైరు గట్టిదైతే పైన రబ్బరేసుకుని వెనక చక్రాలకు నిక్షేపంగా వాడుకోవచ్చు. మన రంగనాయకులు మాత్రం గట్టిదని, కుళ్లిందని తేడా పెట్టేవాడు కాదు, దొరికినదానికల్లా రబ్బరు అంటించేవాడు. పాలిషు పడ్డాక అన్నీ ఒకేలా మెరిసేవి. ఏది ఎలాంటిదో తనొక్కడికే తెలుసు, అందుకు అతనికి గర్వం కూడానూ.

ఆ ఎండాకాలం కొండమీద చెలమలు ఎండిపోయాయి. పిల్లలందరినీ ఘాటురోడ్డు మీదుగా కిందికి దించి, ఏటి ఒడ్డుకు చేర్చే పని ఎద్దు సోమలింగం మీద పడింది. అతని వ్యాను టైర్లు గుండులా నున్నబడిపోయాయి. కొత్తవి కొందామా, రీట్రెడ్ వేద్దామా అని ఆలోచించుకుంటూ నక్క కొట్టుకొచ్చాడు.

రంగనాయకులు కుర్చీ వేయించాడు, పచ్చగడ్డి తెప్పించాడు. కొత్త టైర్ల కంపెనీలన్నీ దొంగలని తేల్చిపారేశాడు.

"పాము కుబుసం విడిస్తే మళ్లీ కొత్త పామే కదా బావా?" అన్నాడు.

"లోపలున్నది ముసలి పామైతే?" అన్నాడు సోమలింగం, గడ్డి నెమరేస్తూ.

నక్క నవ్వేశాడు. ఇంత నెమ్మదిగా నమిలేవాడికి బుర్ర కూడా నెమ్మదే అయివుంటుందని లోలోపల లెక్కేసుకున్నాడు. ముందు చక్రాలకు కూడా ఇవి వెయ్యొచ్చా అని ఎద్దు అడిగితే, "ముందేమిటి, వెనకేమిటి, అన్నీ గుండ్రంగానే ఉంటాయిగా" అని ధైర్యం చెప్పాడు. వెనక చక్రాలకు మంచివే ఇచ్చాడు. ముందుకు మాత్రం, కొట్టు వెనక వానలో నాని, టైరును పట్టి ఉంచే లోపలి గుడ్డ మెత్తబడిపోయిన జత బిగించేశాడు. ఎప్పట్నుంచో వదిలించుకోవాలనుకుంటున్న సరుకు అది.

వెళ్లేముందు సోమలింగం కొట్టు బయట నిలబెట్టిన నక్క సొంత వ్యానును ఒకసారి చుట్టి చూశాడు. దానికున్నవి కంపెనీ కొత్త టైర్లు; వాటి మీద సన్నటి రబ్బరు పోగులు నూగులా ఇంకా నిక్కబొడుచుకునే ఉన్నాయి. తర్వాత తన వ్యానెక్కి వెళ్లిపోయాడు.

ఆ అడవిలో ఒక మర్యాద ఉంది. బండికి ఏ సామాను కొత్తగా బిగించినా, అమ్మినవాడు మెడలో దండతో మొదటి ప్రయాణంలో ముందు సీట్లో కూర్చోవాలి. రంగనాయకులుకు దండలంటే ప్రాణమే. కానీ ఆ ముందు టైర్ల మీద ఘాటు దిగడం అతనివల్ల అయ్యే పని కాదు. మర్నాడు పొద్దున్నే కడుపునొప్పని కబురు పంపి, మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

కాసేపటికి ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని అనుమానం వచ్చింది. లేచి చూస్తే తన పిల్లలు లేరు. పరుగున సోమలింగం వ్యాను దగ్గరికి వెళ్లాడు. లోపలంతా కుందేలు పిల్లలు, జింక పిల్లలు కిచకిచలాడుతున్నారు. ముందు సీట్లో దండలేసుకుని అతని పిల్లలిద్దరూ కూర్చున్నారు.

"మీకు ఒంట్లో బాగాలేదన్నారుగా," అన్నాడు సోమలింగం స్టీరింగు పట్టుకుని. "మర్యాద తప్పకూడదని మీ ఆవిడే వీళ్లను పంపింది. బయల్దేరతాం మరి."

"దించు బావా, నా పిల్లల్ని దించు," అని నక్క తలుపు పట్టుకుని వేలాడాడు. "ఆ ముందు టైర్ల లోపల గుడ్డ కుళ్లిపోయింది. మొదటి మలుపులోనే పేలతాయి."

పిల్లల్ని సాగనంపడానికి వచ్చిన కుందేలమ్మ నక్క ముందుకొచ్చి నిలబడింది.

"మా పిల్లలు ఎక్కినప్పుడు కుళ్లలేదా అన్నయ్యా?" అంది.



సోమలింగం తాపీగా కిందికి దిగి, చక్రాల కింద అడ్డం పెట్టిన బండరాళ్లు చూపించాడు. తాళంచెవి కూడా తేలేదన్నాడు. "నన్నూ ఒకసారి కొమ్ములకు రంగేసి సంతలో అమ్మారు. తెలిసినవాడు కొమ్ములు చూడడు, నోరు తెరిపించి పళ్లు చూసి వయసు కడతాడు. టైరుకు నోరు లేదు కాబట్టి మీ నోరే తెరిపించాను."

ఆపైన వాదనలేమీ జరగలేదు. వెనక టైర్లు గట్టివేనని నక్క చేతే చెప్పించి వాటిని అలాగే ఉంచారు. నక్క వ్యాను ముందు చక్రాల కొత్త టైర్లు విప్పి సోమలింగం వ్యానుకు ముందు బిగించారు. కుళ్లిన జత నక్క వ్యానుకు చేరింది. దండ వేసి అతన్నీ పిల్లల మధ్య కూర్చోబెట్టాక, వ్యాను క్షేమంగా ఏటి ఒడ్డుకు దిగింది.

రంగనాయకులు వ్యాను ఇప్పటికీ కొట్టు ముందే, ఆ మెరిసే టైర్ల మీదే నిలబడి ఉంది. అతను మాత్రం నడిచే తిరుగుతున్నాడు.

నీతి: టైరు కొనేటప్పుడు దాని మెరుపు కాదు, అమ్మేవాడు తన పిల్లల్ని ఏ టైర్ల మీద తిప్పుతున్నాడో చూడాలి.