ఇప్పచెట్టు కింద చీపురు

ఇప్పచెట్టు ఆకారంలో హిమజ గీసిన నలభై అంతస్తుల భవనానికి గురువు అంజయాచారి సంతకం పెట్టడం లేదు. సోమవారానికల్లా ఆ సంతకం పడకపోతే పని వేరేవాళ్లకు పోతుంది. ఎనిమిది నెలల కష్టం. పైగా అది ఆమె సొంతంగా గీసిన మొదటి భవనం.

"ఇప్పచెట్టే కదా గురువుగారూ! కింద మాను, మీద పూలగుత్తులు. లోపల గోడల నిండా కోయవాళ్ల కొమ్ము నాట్యం బొమ్మలు. ఇంకేం తక్కువైంది?"

ఆ ముసలి వాస్తుశిల్పి మాటల్లో మహా పిసినారి. "భద్రాచలం అవతల ముత్తమ్మ అని నాకు తెలిసిన కోయ పెద్దావిడ ఉంది. రేపు తెల్లవారేసరికి అక్కడుండు" అన్నాడు.

వెళ్లింది. మనసులో తిట్టుకుంటూనే వెళ్లింది.

ఊరి చివర ఇప్పచెట్టు విరగబూసి ఉంది. హిమజ తలెత్తి ఫొటోలు తీస్తుంటే ముత్తమ్మ వచ్చి చేతిలో చీపురు పెట్టింది.

"పైన సూత్తే ఏమొస్తది బిడ్డా? నేల ఊడువు."

ఊడ్చింది. నడుం పట్టేసింది. ఎండుటాకులన్నీ పోయి నేల శుభ్రపడ్డాక, పూలు ఒక్కొక్కటే టప్ టప్‌మని రాలసాగాయి. ఎక్కడెక్కడి ఆడవాళ్లో బుట్టలు పట్టుకొచ్చారు. చెట్టు ఎవరిదని ఎవరూ ఎవరినీ అడగలేదు. చతికిలబడి ఏరుకున్నారు, ఊరి కబుర్లన్నీ అక్కడే చెప్పుకున్నారు.

హిమజ కూడా ఏరబోయి అడవి వైపు రాలిన పూలకు చెయ్యి చాపింది. ముత్తమ్మ ఆపేసింది.

"అటుపక్కయి ముట్టకు బిడ్డా. అయి ఎలుగుబంటికి."

ఆదివారం సాయంత్రం హైదరాబాదులో, గురువు ఎదురుగానే, హిమజ తన అట్ట నమూనా ముందు కూర్చుంది. ఈసారి పైకి చూడలేదు. మాను మొదలు చుట్టూ నిలువెత్తు ప్రహరీ. ఇనుప గేటు. కాపలా గది. అన్నీ తన చేత్తో అంటించినవే. ఆమెకు సిగ్గేసింది.

బ్లేడు తీసుకుని ప్రహరీ కోసేసింది. గేటు పీకేసింది. కార్లు వెళ్లే దారిని వెనక్కి నెట్టి, ముందంతా నీడనిచ్చే చెట్లూ అరుగులూ గీసింది. మీద పూలగుత్తుల జోలికి పోలేదు.

అంజయాచారి కళ్లజోడు సవరించుకున్నాడు. "దారినపోయే వాళ్లంతా వచ్చి కూర్చుంటారేమో?"

"కూర్చోనివ్వండి. ఓ మూల ఏమీ కట్టకుండా ఎలుగుబంటికి కూడా ఉంచాను."

ఆయన నవ్వి కలం మూత తీశాడు.

"ఇప్పుడు పూసిందమ్మా."