గౌరునాయుడు అందరికన్నా ముందు లేచాడు

గౌరునాయుడు మళ్ళీ పడిపోయాడు.

స్వామి సత్సంగంలోకి అడుగుపెట్టగానే అందరూ లేచి నిలబడటం ఆ ఆశ్రమంలో ఆచారం. అందరికన్నా ముందు లేచేది గౌరునాయుడే. డెబ్బై దాటినా, గుండెకి పేస్‌మేకర్ పెట్టినా ఆ వరస ఇంకొకరికి వదల్లేదు. ఆ పొద్దూ చివాల్న లేచాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. ముందు కూర్చున్న పైడమ్మ వీపు మీదికి ఒరిగిపోయాడు.

తెలివొచ్చాక మొదటి మాట ఆ పేస్‌మేకర్ పెట్టిన డాక్టరమ్మ మీదే.

"చెడిపోయిన మిషను తగిలించింది నాకు."

ఆ డాక్టరమ్మ పోయినసారి పడ్డప్పుడే పరీక్ష చేసి చెప్పింది. మిషను బాగానే ఉంది, గుండె వేగం తగ్గకుండా అది చూసుకుంటుంది. ఒక్క ఉదుటున లేస్తే నెత్తురు కాళ్ళలోకి దిగి బీపీ పడిపోతుంది, దానికి మిషను ఏం చేస్తుంది? మీరు బీపీ మాత్రలు వేసుకుంటారు, నీళ్ళు తాగరు. నెమ్మదిగా లేవండి, ఎత్తు మీద కూర్చోండి అంది. కూతురి ఈడు పిల్ల తనకి లేవడం నేర్పుతుందా అని నాయుడు ఆనాడే మనసులో పెట్టుకున్నాడు.

సాయంత్రానికి ఆశ్రమమంతా ఆ చెడ్డ మిషను మాటే. పైడమ్మకి సోమవారం అలాంటిదే పెట్టాలి. ఆమె గుండె ఆగి ఆగి కొట్టుకుంటోంది. రెండుసార్లు పొయ్యి దగ్గర పడిపోయింది కూడా.

"బావకే అలాగైతే నాకెందుకు? ఊరెలిపోతాను" అని ఆమె మూట కట్టుకుంది.

మర్నాడు సత్సంగానికి మూట ఒళ్ళో పెట్టుకునే వచ్చింది.

స్వామి వచ్చే వేళకి నాయుడు మునికాళ్ళ మీద బరువు మోపి సిద్ధంగా ఉన్నాడు. ఇంతలో వెనక నుంచి ఒక చెయ్యి భుజం మీద పడింది. స్వామి వెనక తలుపున వచ్చి, అతని పక్కనే చతికిలబడ్డారు. చేతిలో చెంబు.

"తాగు."

నాయుడు తాగాడు.

"నిన్న నేనొచ్చినప్పుడు నా చేతిలో ఏముంది నాయుడూ?"

"జపమాల... స్వామీ."

ముందు వరసలో పైడమ్మ వెనక్కి తిరిగింది. "పీట బావా. నీకోసమే తెచ్చారు. నువ్వు పడితే అక్కడ వదిలేసి పరిగెట్టుకొచ్చారు."

పీట గుమ్మం పక్కన పడి ఉంది. నిన్న ఎలా పడిందో అలాగే.

"మరి నిన్న ఎవర్ని చూస్తూ లేచావు?" అని అడిగారు స్వామి.

నిన్న అతను చూసింది అటూ ఇటూ ఉన్నవాళ్ళని. తనకన్నా ముందు ఎవరైనా లేస్తారేమోనని. తల పైకెత్తలేకపోయాడు.

స్వామి వెళ్ళి పీట తెచ్చి వేశారు. నాయుడు దాని మీద కూర్చున్నాడు.

ముందు వరస వైపు వంగాడు.

"పైడమ్మా, మిషను మంచిదే. చెడ్డదని నేనే అబద్ధమాడేను. సోమవారం ఎల్లు."

పైడమ్మ మూట ఒళ్ళోంచి తీసి కింద పెట్టింది.

స్వామి తన ఆసనం వైపు కదిలారు. సభంతా లేచి నిలబడింది, ఒక్క నాయుడు తప్ప. ఆ కూర్చున్న చోటి నుంచి అతను మొదటిసారి చూశాడు. స్వామి కుడికాలు కాస్త ఈడుస్తూ నడుస్తారు.