రెండో కొస

ఈ కథలో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నోట్లో మిగిలిన మూడు పళ్లూ ఈ పూటే ఊడిపోవాలి. అంత నిజం. కొంగ మాట్లాడే చోటు కూడా నిజమే. నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లి కాళ్లు కడుక్కుని పడుకోండి.

అనగా అనగా, మా అమ్మమ్మకు అమ్మమ్మ ఇంకా ఉయ్యాలలో ఉన్న రోజుల్లో, ఒక ఏటి ఒడ్డున అద్దకాలపురమని ఊరుండేది. ఊరందరూ గుడ్డల మీద బొమ్మలు వేసేవాళ్లే. రంగు కుండల్లో ముక్కు పెట్టీ పెట్టీ, ఆ ఊరి కాకులు కూడా ఎర్రగా, పచ్చగా ఎగిరేవి.

ఆ బొమ్మలవాళ్లందరికీ గురువు గురవప్ప. ఆయన గుడ్డ మీద మామిడిపండు గీస్తే ఈగలు ముసిరేవి. ఏనుగును గీస్తే పక్కింటివాళ్లు అరటితోటకు కంచె కట్టుకునేవాళ్లు.

ఆ గురువు దగ్గరికి కొండ అవతలి మేకల పల్లె నుంచి నాంచారి అనే పిల్ల వచ్చింది. బొగ్గు దొరికితే బండ మీద, సున్నం దొరికితే మేక మీద బొమ్మలు గీసే పిల్ల. అన్నం ముద్దను నెమలిలా చేసుకుని, తినడానికి మనసొప్పక ఆకలితో పడుకునేదట. బొమ్మలంటే అంత పిచ్చి.

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. రంగు వేసిన గుడ్డను పారే నీళ్లలో జాడించాలి. గుడ్డ పొడుగు కదా, ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు పట్టుకోవాలి. లేకపోతే మెలిపడి ఒక రంగు మీద ఇంకో రంగు అంటుకుంటుంది. అందుకని శిష్యులందరికీ జతలుండేవి. నాంచారి వచ్చేసరికి జతలన్నీ కుదిరిపోయాయి. ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఎవరి చేతులూ ఖాళీగా లేవు, అంతే.

అందుకే నాంచారి రెండో కొసను ఏట్లో ఉన్న ఒక రాయికి కట్టేది. జతలన్నీ ఇసుక మీద గుడ్డలు ఆరేసి, కబుర్లాడుకుంటూ సద్ది తింటుంటే, తను వెళ్లి ఆ రాయి పక్కన కూర్చునేది. ఇంటి సంగతులు రాయికే చెప్పేది. రాయి ఒక్కనాడూ ఊ కొట్టలేదు. ఈ కథ మొత్తంలో నోరు విప్పనిది అదొక్కటే.

ఇలా ఉండగా రాజు కొమ్మిరాయుడు తన కొలువుకు ఒక తెర కావాలని కబురు పంపాడు. గురవప్ప శిష్యులను పిలిచి, ఏటికి వరద వచ్చేలోగా ఎవరి గుడ్డ వాళ్లు వేసి చూపాలన్నాడు. తన సొంత గీత తేలనివాళ్లు కలం అప్పగించి ఇంటిదారి పట్టాలన్నాడు. నాంచారికి ఇల్లంటే మేకలు. మేకలు మంచివే. కానీ వాటి మధ్య కలం పట్టుకోలేం, నమిలేస్తాయి.

నాంచారి మొదటి గుడ్డ వేసింది. గురువుగారి వంపులు, గురువుగారి కళ్లు, గురువుగారి ఏనుగులు. ఎంత అచ్చుగా దిగిందంటే, గురవప్ప దాన్ని చూసి, ఈ గుడ్డ నేనెప్పుడు వేశానబ్బా అని తల గోక్కున్నాడు. తర్వాత నిజం తెలిసి మడతపెట్టి ఇచ్చేశాడు.

"ఇది నా గీతమ్మా. నాకొకటి ఉంది కదా. నీదేది?"

నాంచారికి రోషమొచ్చింది. రెండో గుడ్డ మీద ఊళ్లో అందరూ మెచ్చుకునేవన్నీ కుక్కింది. చిలకలు, తామరలు, సింహాలు, సిగలో పువ్వులు, పువ్వుల్లో తుమ్మెదలు. దోమ వాలడానికి చోటు లేదు. ఇనుమూ బెల్లమూ కలిపి వారాల తరబడి పులియబెట్టిన నల్లరంగు కుండ, ఆ ఒక్క గుడ్డకే అడుగంటింది. గురవప్ప చూసి నిట్టూర్చాడు.

"ఇది ఊరందరి గీత. ఇందులో నువ్వు కనబడలేదు తల్లీ."

నాంచారి వెళ్లి రాయి పక్కన కూర్చుని ఏడ్చింది. ఆ కన్నీళ్లకు ఏరు జానెడు పెరిగిందని అంటారు. నేను మూరెడంటాను.

అక్కడ ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ ఒకటి తల తిప్పింది. పండితులకన్నా మంచి తెలుగు మాట్లాడేది ఆ కొంగ.

"ఏమే పిల్లా, అన్ని ఏనుగుల్ని గీశావే, ఎప్పుడైనా ఏనుగును చూశావా?"

"లేదు."

"సింహాన్ని?"

"గురువుగారి గుడ్డ మీద చూశాను."

"మరి రోజూ నీ పక్కన ఉండేదేమిటో, లేనిదేమిటో, అది చూశావా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఒక చేపను మింగి ఎగిరిపోయింది.

ఆ రోజు నాంచారి గీయలేదు, చూసింది. రాయి దగ్గర నీళ్లు చీలి మళ్లీ ఎలా కలుస్తున్నాయో చూసింది. కట్టిన కొస విడిపించుకుపోవాలని ఎలా గుంజుకుంటోందో చూసింది. తన నీడ పక్కన ఇంకో నీడ లేకపోవడం చూసింది. చూసీ చూసీ కళ్లు ఎంత పెద్దవయ్యాయంటే, మూద్దామంటే రెప్పలు చాల్లేదు.

మూడో గుడ్డ మొదలుపెడదామంటే నల్లకుండ ఖాళీ. మిగిలింది పటిక నీళ్లే. పటిక నీళ్లు ఆరితే కంటికి కనబడవు. ఎర్రరంగిచ్చే చిరివేరు వేసిన కాగులో గుడ్డను ఉడికించాకే, పటిక తగిలిన చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది. అందాకా గీసిన చేతికి తప్ప ఎవరికీ తెలియదు. నాంచారి కనబడని నీళ్లతో, కనబడని గీతలు, చూసింది చూసినట్టు గీసుకుంటూ పోయింది.

అది ఉడికేలోపే మబ్బులు కమ్మాయి. వరద భయానికి రాజు తెర ఎంచుకోవడానికి ముందుగానే వచ్చేశాడు. వరసగా కట్టిన గుడ్డలన్నీ చూసుకుంటూ వచ్చాడు. ప్రతి గుడ్డలోనూ రాజే, రాజు మీసమే. ఒక గుడ్డలో మీసం చాలక అంచు మీదికి పాకింది. చివర్న తెల్లటి గుడ్డ.

"దీన్నెవరు మరిచిపోయారు?" అన్నాడు రాజు.

"మరవలేదు ప్రభూ," అంది నాంచారి. "ఇంకా ఉడకలేదు."

శిష్యులు నవ్విన నవ్వుకు ఏట్లో చేపలు గట్టెక్కాయి. గురవప్ప మాత్రం నవ్వలేదు. కాగు కింద మంట ఎగదోశాడు.

గుడ్డ ఉడికింది. కర్రతో పైకి ఎత్తారు. నవ్వినవాళ్లే మునివేళ్ల మీద లేచి చూశారు.

గుడ్డంతా ఎర్రటి ఏరు. ఒంటికాలి కొంగ. గుడ్డకు ఒక కొస పట్టుకున్న పిల్ల. రెండో కొస రాయికి కట్టి ఉంది. ఆ రాయి పక్కన, మనిషి నిలబడాల్సినంత మేర, పటిక తగలకుండా వదిలేసిన తెలుపు.

రాజు నోట్లో తాంబూలం నమలడం మరిచిపోయాడు. ఆయన భోజనానికి కూర్చుంటే వెనక వందమంది నిలబడేవాళ్లు. ఎదురుగా కూర్చుని తినే మనిషి రాజ్యం మొత్తంలో లేడు. ఆ తెలుపేమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చాలాసేపు చూసి, అక్కడ నన్ను గియ్యి, ఈ అద్దకపుశాలంతా నీకే రాసిస్తానన్నాడు.

సరే అంటే కలం తనదే. ఒక్క మాట చాలు. నాంచారి గురువు వంక చూసింది. గురువు మబ్బుల వంక చూశాడు.

"మీరు ఆ కొస పట్టుకోలేదు ప్రభూ," అంది నాంచారి. "చూడనివి గీసీ గీసీ ఇప్పటికే రెండు గుడ్డలు పాడుచేశాను."

అని కలం తీసి గురువు పాదాల దగ్గర పెట్టింది. ఆలస్యమైతే రంగు నిలవదని గుడ్డ భుజాన వేసుకుని, రోజూ లాగే ఒక్కతే ఏట్లోకి దిగింది. ఏరు పొంగింది. రాయి మునిగిపోయింది. కొస కట్టడానికి ఏమీ లేదు. గుడ్డ మెలిపడిపోతోంది.

అప్పుడు ఆ కొస ఎవరో అందుకున్నారు. తలెత్తి చూస్తే కొమ్మిరాయుడు, మొలలోతు నీళ్లలో, కిరీటం పక్కకు ఒరిగి.

"బిగించి పట్టుకోండి, జారుతోంది," అంది నాంచారి. రాజుకు పని పురమాయించిన మొదటి మనిషి తనే. రాజు బిగించి పట్టుకున్నాడు.

గట్టు మీదికి వచ్చాక ఆయన బురద తుడుచుకుంటూ అడిగాడు.

"ఇప్పుడు పట్టుకున్నాను కదా. గీస్తావా?"

"గీస్తాను ప్రభూ. ఇంకో గుడ్డ మీద. ఈ గుడ్డ వేసిననాడు అక్కడ ఎవరూ లేరు."

గురవప్ప వంగి నేలమీది కలాన్ని తీశాడు. దాన్ని తన రొంటిన దోపుకుని, తను చిన్ననాటి నుంచి పట్టిన కలాన్ని నాంచారి చేతిలో పెట్టాడు.

రాజు ఆ తెరను భోజనశాలలో కట్టించి, ఆనాటి నుంచి ఎవరో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకునే తిన్నాడు. మర్నాటి నుంచి నాంచారి గుడ్డ జాడించడానికి జతలు పోటీపడ్డాయి. అయినా తను వేసిన ప్రతి గుడ్డ మూలనా ఆ రాయి ఉండేది. రాజు తెరలో ఆ తెల్లటి చోటు మాత్రం ఇవాళ్టికీ ఖాళీగానే ఉంది. వెళ్లి చూసొచ్చాను.

నీతి అంటారా, అరువు కళ్లతో గీసిన వెయ్యి ఏనుగులకన్నా, తన కళ్లతో చూసి గీసిన ఒక్క రాయి గొప్పది. ఇక నువ్వు లేవే పిల్లా, దొంగనిద్ర చాలు. దండెం మీద నా తడి చీర అలాగే ఉంది, పిండాలి. పద, రెండో కొస నువ్వు పట్టుకో.