తళతళలాడే గొట్టం

హైమకి మిగిలింది ఒక్కటే ప్రయోగం. శుక్రవారం కూడా లోహం సరిగ్గా పారకపోతే ఆమె వాడుతున్న పెద్ద అయస్కాంతాన్ని ఇంకో బృందానికి ఇచ్చేస్తామన్నారు పైవాళ్లు. అంటే నాలుగేళ్ల చాకిరీ గంగలో కలిసినట్టే.

ఫ్యూజన్ రియాక్టర్‌లో పుట్టే వేడిని బయటికి మోసుకురావడానికి కరిగిన లోహాన్ని గొట్టాల్లో పారించాలని చూస్తారు. రియాక్టర్ చుట్టూ బలమైన అయస్కాంతాలుంటాయి, వాటి మధ్యకి రాగానే ఆ లోహం మొండికేస్తుంది. ప్రయోగశాలలో హైమ పెట్టిన ఉక్కు గొట్టంలోనూ అదే తంతు. పంపు జోరు పెంచితే రెండు పంపులు కాలిపోయాయి. గొట్టం గరుకుగా ఉందేమోనని లోపల పట్టిన తుప్పు పొరని ఆసిడ్ పోసి, బ్రష్షు పెట్టి, ప్రతి పరీక్షకీ ముందు అద్దంలా తోమింది. తోమేకొద్దీ లోహం ఇంకా మొరాయించింది. ఇదెక్కడి చోద్యమో ఆమెకి అంతు పట్టలేదు.

చివరికి వరహాలయ్య మాస్టారి దగ్గరికి వెళ్లింది. రిటైరై ఆరేళ్లయినా ఆయన రోజూ వచ్చి వర్క్‌షాపులో స్టూలు మీద కూర్చుంటారు. హైమ జరిగిందంతా చెప్పింది. గొట్టం ఎంత బాగా తోమిందో మాత్రం రెండుసార్లు చెప్పింది.

మాస్టారు లేచి వెళ్లి రెండు గొట్టాలు పట్టుకొచ్చారు. ఒకటి తళతళలాడే రాగిది. రెండోది పాత ప్లాస్టిక్ నీళ్ల పైపు ముక్క, లోపలంతా పాకుడు ఎండి గరుకుగా ఉంది. ఒక చిన్న అయస్కాంతం ఆమె చేతిలో పెట్టి, వెయ్యమన్నట్టు తలూపారు.

పాత పైపులో వేస్తే టప్పున కింద పడింది. రాగి గొట్టంలో వేస్తే ఎంతకీ రాలేదు. హైమ వంగి చూసింది. అయస్కాంతం పెళ్లినడక నడుస్తున్నట్టు తీరుబడిగా దిగుతోంది.

"రాగికి అయస్కాంతం అంటుకోదు కదా మాస్టారూ. మరి దాన్ని పట్టుకున్నదేమిటి?"

"నువ్వే చెప్పాలి."

ఆమెకి తెలియంది కాదు. అయస్కాంతం కదిలితే రాగి గోడలో కరెంటు పుడుతుంది, ఆ కరెంటే దాన్ని ఆపుతుంది. ప్లాస్టిక్‌లో కరెంటుకి దారి లేదు. ఇంటర్‌లోనే చదివింది, కానీ బ్రష్షు చేతిలో ఉన్నప్పుడు పుస్తకం ఎవరికి గుర్తుంటుంది?

గడగడా అదంతా ఒప్పజెబుతూ హైమ మధ్యలో ఆగిపోయింది. ఇక్కడ అయస్కాంతం కదిలింది, తన గొట్టంలో లోహం కదులుతుంది; కరెంటు మాత్రం రెండుచోట్లా గోడలోంచే తిరుగుతుంది.

"మాస్టారూ, నేను తోమేసిన ఆ తుప్పు..."

"అది లోహానికి అడ్డం కాదు తల్లీ. కరెంటుకి అడ్డం."