మందు పిల్లికి, పథ్యం ప్రభువుకి

ఒకానొక రాజ్యంలో రాజుగారికంటే ఆయన బిరుదులే పొడుగు. పేరు ప్రచండదండుడు. ఆయన ఎదుట ఎవరు ముద్ద నోట పెట్టుకోవాలన్నా, వందిమాగధుడు ముందుగా ముప్పైరెండు బిరుదులూ చదివి ముగించాలి. అది ఆ కోట ఆచారం. ఈలోగా అన్నం చల్లారిపోయినా, పప్పు గడ్డకట్టినా సరే!

రాజుగారికి మాణిక్యం అనే ముసలి పిల్లి ఉంది. దానికి ఏళ్ల తరబడి తగ్గీ తగ్గని జబ్బు. ఈమధ్య తిండి కూడా మానేసింది. ఆస్థాన వైద్యుడు గరళకంఠశాస్త్రి పాలలో చేదు కషాయం కలిపించాడు, గదినిండా సాంబ్రాణి పొగ పెట్టించాడు. పూటపూటా వెండిపళ్లెం ముందు పిల్లిని కూర్చోబెట్టి, బిరుదులన్నీ చదివించి, రాజూ శాస్త్రీ పదిమంది మంత్రులూ దాని మూతికేసి గుడ్లప్పగించి చూసేవారు. అది మొహం తిప్పుకునేది.

"పిల్లిని సాకే మనిషి హస్తవాసి మంచిది కాదు ప్రభూ!" అని తేల్చేశాడు శాస్త్రి.

ఇంకేం! మూడు రోజుల్లో మాణిక్యం తినకపోతే, దాన్ని సాకే గవరమ్మ రాజ్యం విడిచి పోవాలని ఆజ్ఞ అయింది. ఆమె విదూషకుడు కొండుభట్టు దగ్గరికొచ్చి బావురుమంది.

"నేను పోతే పోతాను బాబయ్యా, దాన్నెవరు చూత్తారు? ఎండునెత్తళ్ల చేప వాసనొత్తే ఇప్పటికీ చెవులు నిక్కబొడుత్తాది. గదిలోకి నీచు రాకూడదంటారు శాత్రులుగారు!"

కొండుభట్టుకు ఆమెమీద జాలి, శాస్త్రిమీద ఒళ్లుమంట ఒక్కసారే కలిగాయి. తిన్నగా సభకు వెళ్లాడు.

"ప్రభూ, నా దగ్గర మందుంది. పథ్యమే బహు కఠినం."

రాజు మీసం దువ్వాడు. "మా కిరీటం మీద ఆన! పథ్యం తప్పినవాడు ఎంతటివాడైనా రాజ్యం విడిచి పోవలసిందే!"

"చిత్తం. మందు పిల్లికి, పథ్యం తమరికి."

కొండుభట్టు వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు.

"మూడు రోజులు తమరు ఆ గది గడప తొక్కరాదు. అక్కడ బిరుదులు వినబడరాదు, సాంబ్రాణి పొగ పెట్టరాదు, శాస్త్రిగారి నీడ పడరాదు."

రాజు ముఖం కందగడ్డ అయింది. కానీ ఆన పెట్టి నోరు జారాక చేసేదేముంది? సరేనన్నాడు.

గవరమ్మ నెత్తళ్లు ఉడకబెట్టి, మెత్తగా చిదిమి, గోరువెచ్చని అన్నంలో కలిపి, మట్టిమూకుట్లో పెట్టి అటు తిరిగి కూర్చుంది. మొదటిరోజు మాణిక్యం నాకి వదిలేసింది. రెండోరోజు నాలుగు ముద్దలు తింది. మూడోనాటికి మూకుడు కడిగినట్టుంది.

గడువు తీరాక పిల్లిని ఒళ్లోకి తీసుకుని, "ఏం మందయ్యా అది?" అన్నాడు రాజు.

"ఎండుచేప ప్రభూ. జబ్బు పాతది, అది ఉండనే ఉంటుంది. మనం చేసే మర్యాదల బాధ తప్పింది, ఆకలి వచ్చింది."

రాజు ఒక క్షణం గుర్రుగా చూశాడు. ఒళ్లో గుర్రుపెట్టి నిద్రపోతున్న మాణిక్యాన్ని చూశాక ఆ కోపం నిలవలేదు. గవరమ్మ శిక్ష రద్దుచేసి, చేతికి బంగారు కడియం ఇచ్చి, సభవారందరికీ విందు చేశాడు. విస్తళ్లు వేశారు. వందిమాగధుడు గొంతు సవరించుకుని తొమ్మిదో బిరుదు దాకా వచ్చాడు.

"కొండుభట్టూ, నీకేం కావాలో కోరుకో!" అన్నాడు రాజు.

కొండుభట్టు చల్లారుతున్న పప్పుకేసి చూశాడు. "ఆ పథ్యమేదో భోజనశాలలో కూడా పాటించండి ప్రభూ. ఇక్కడ ఇంకా ముప్పైమంది పిల్లులం ఉన్నాం!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. వందిమాగధుణ్ణి కూడా విస్తరి ముందు కూర్చోమన్నాడు, తన మెడలోని హారం తీసి కొండుభట్టు మెడలో వేశాడు.

ఆ పూట ఆ కోటలో మొట్టమొదటిసారిగా అందరూ వేడివేడిగా తిన్నారు. మారు వడ్డించమని అందరికంటే ముందు అడిగినవాడు గరళకంఠశాస్త్రి.