బల్లికి పెట్టిన చీర

అనగనగా, గోదావరి కాలవ గట్టున ఒక ఊళ్ళో, పేరిందేవమ్మ అని ఒక మామ్మ ఉండేది. ఊఁ కొట్టు మరి. ఊఁ కొట్టకపోతే కథ అలిగి పక్కింటి పిల్లల దగ్గరికి వెళ్ళిపోతుంది.

ఆ మామ్మకి పామంటే భయం లేదు. పిడుగంటే భయం లేదు. వాళ్ళ అత్తగారంటే ఊరంతా వణికేది, ఆవిడన్నా భయం లేదు. కానీ బల్లి కనబడితే మాత్రం కుర్చీ ఎక్కేసేది. ఒకసారి చారులో బల్లి పడిందని చారు పారబోసి, గిన్నె పారేసి, గరిటె కూడా పారేసింది. తీరా చూస్తే అది కరివేపాకు రెబ్బ. నవ్వకు. నీకు బొద్దింకంటే భయం కాదూ?

అప్పుడు ఏమైందీ, ఆవిడ కోడలు హైమవతి వంటిల్లు కొత్తగా కట్టించుకుని, అలమరలో ఇమిడిపోయే కరెంటు ఓవెన్ ఒకటి తెప్పించింది. మామ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"పొయ్యిని అలమరలో పెడతారటే? రేపు మంచాన్ని బీరువాలో పెడతారు కాబోలు!"

దాన్ని బిగించడానికి నాగమల్లి వచ్చింది. వీధి చివర ఇస్త్రీ బండి వాళ్ళమ్మాయి. ఐటీఐలో కరెంటు పని నేర్చుకుంది. అందరూ జడలో పువ్వు పెట్టుకుంటే ఈ పిల్ల టెస్టర్ పెట్టుకునేది. అప్పటిదాకా ఫ్యాన్లూ లైట్లూ బిగించింది కానీ ఇంత పెద్ద పని ఇదే మొదలు.

ఎదురింటి మంగతాయారు అరుగు మీద నుంచే అంది. "ఆడపిల్ల చేత కరెంటు పనా హైమా? మెరుపు చేత ముగ్గు వేయించినట్టుంది."

నాగమల్లి నవ్వి ఊరుకుంది. కానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయిందని మామ్మ కనిపెట్టింది. ఈ పని కుదిరితే వీధి వీధంతా ఆ పిల్లని పిలుస్తుంది. కుదరకపోతే బల్బు మార్చడానికి కూడా ఎవరూ పిలవరు.

నాగమల్లి ముందు మెయిన్ ఆపింది. ఆ తర్వాత మీటరు దగ్గర నుంచి ఓవెన్ కోసమని లావుపాటి వైరు వేరేగా లాగింది. దానికి స్విచ్చీ వేరే, ఫ్యూజూ వేరే. ఫ్రిజ్జుతో, మిక్సీతో పొత్తే లేదు.

"ఇది బకాసురుడండీ మామ్మగారూ. నలుగురితో కలిపి కూర్చోబెట్టకూడదు. వేరే విస్తరి వెయ్యాలి" అంది.

అప్పుడు ఎర్తు సరిచూసింది. "ఎర్తంటే ఏమిటే?" అని మామ్మ అడిగింది.

"దారి తప్పిన కరెంటుకి మన ఒంట్లోంచి కాకుండా నేలలోకి దారి చూపించడమండి."

ఆ తర్వాత హైమవతి ఒక పక్క, తనొక పక్క పట్టుకుని ఓవెన్‌ని ఎత్తారు. తలుపు పిడి పట్టుకుని ఎత్తితే పిడి ఊడి చేతికొస్తుందట. అలమరలోకి తోసి, మరలు బిగించి, నాగమల్లి పై అర తలుపు తీసింది. అది ఆవకాయ జాడీలు పెట్టుకునే అర. దాని వెనక, గోడ పక్కన, నాలుగు వేళ్ళు పట్టేంత సందు ఉంది.

"మామ్మగారూ, ఈ సందు మాత్రం ఎప్పుడూ మూయకండి. ఓవెన్ వేడి గాలి ఇందులోంచే పైకి పోతుంది. ఇదే దాని ముక్కు."

మామ్మ తలూపింది. విన్నది, వినలేదనడానికి లేదు. కానీ ఆవిడ కంటికి అది ముక్కులా కనబడలేదు. బల్లులకి రాచబాటలా కనబడింది.

మొదటిసారి వెలిగించినప్పుడు నాగమల్లి అందులో ఏమీ పెట్టనివ్వలేదు. కిటికీలన్నీ తీయించి, గంటసేపు ఖాళీగా కాల్చింది. చమురు కంపు గుప్పుమంది. మంగతాయారు పరుగున వచ్చేసింది. "అయిపోయింది! తగలబడిపోయింది!"

"కొత్త మూకుడు కొనుక్కుంటే మొదట కాల్చరాండీ? ఇదీ అంతే" అంది నాగమల్లి. కాసేపటికి కంపు పోయింది. మంగతాయారు మాత్రం పోలేదు. కాఫీ తాగి పోయింది.

అప్పుడు మామ్మ గాజు తలుపుకి జానెడు దూరంలో చతికిలపడి లోపలికి తొంగి చూసింది. "మంటేదే?"

"కనబడదండీ. కిందొక తీగ, పైనొక తీగ కాలతాయి. అందుకే దీంతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కనబడే నిప్పుకి మనమే జడుస్తాం, కనబడనిదాని మీద చెయ్యి వేసేస్తాం. ఆ గాజు కూడా కాలుతుందండీ, కొంచెం వెనక్కి జరగండి."

కిందా పైనా నిప్పు! మామ్మకి చప్పున పాత రోజులు గుర్తొచ్చాయి. దిబ్బరొట్టె తెలుసుగా నీకు? మూకుట్లో మినప్పిండి పోసి, కింద సన్నసెగ పెట్టి, పైన మూత మీద నిప్పులు పోసేవారు. అడుగూ పైనా ఎర్రగా, లోపల దూదిలా ఉండేది. గ్యాసు పొయ్యి వచ్చాక మూత మీద నిప్పులెక్కడివి? ముప్పై ఏళ్ళుగా మామ్మ ఆ రొట్టె తినలేదు.

"అయితే ఇది పెద్ద దిబ్బరొట్టె మూకుడేనన్నమాట!" అని మామ్మ లేచి, అప్పటికప్పుడు మినప్పప్పు నానబోసింది. ఓవెన్‌కి బొట్టు కూడా పెట్టబోయింది కానీ, మీటల మీద తడి పసుపు వద్దండీ అని నాగమల్లి అడ్డుపడితే అలమర తలుపుకి పెట్టింది.

మర్నాడు పొద్దున్న మామ్మ ఆవకాయ తీద్దామని పై అర తెరిచింది. సందులోంచి ఒక బల్లి తల బయటపెట్టి చూసింది. మామ్మ చూసింది. ఎవరు ముందు పారిపోయారో నేను చెప్పను.

ఆ తర్వాత మామ్మ ఆవపువ్వు రంగు పాత నేతచీర తీసి, పర్రున ఒక ముక్క చింపి, ఉండ చుట్టి, సందులో కుక్కింది. "ఒక్క ముక్కకే ఏమవుతుందిలే" అనుకుంది. జాడీలు ముందుకు జరిపేసింది. ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు మొదటి రొట్టె పెట్టారు. రొట్టె బాగానే ఉడికింది; మొదటిది కదా అని మామ్మ తను ముట్టకుండా వీధి పిల్లలకి పంచేసింది. కానీ ఓవెన్ లోపలి ఫ్యాను హోరుమంటూ ఎంతసేపటికీ ఆగలేదు. "కొత్త కదా, పాడుకుంటోంది" అన్నారు.

మర్నాడు సందు ఆ చివర బల్లి తోక కనబడింది. మామ్మ రెండో ముక్క కుక్కింది. ఆ రోజు రెండో రొట్టె సగంలో ఉండగా ఓవెన్ తనంతట తనే ఆగిపోయింది. రొట్టె పైన ఎరుపు, లోపల జావ.

నాగమల్లిని పిలిచారు. ఆ పిల్ల మెయిన్ ఆపి, వైరు చూసింది, స్విచ్చి చూసింది, ఎర్తు చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. తల గోక్కుని అడిగింది. "మామ్మగారూ, ఆ పై సందు తెరిచే ఉంది కదండీ?"

మామ్మ కొంగు సర్దుకుంది. పెద్దదాన్ని, పెద్దరికం గలదాన్ని, బల్లికి భయపడి గుడ్డలు కుక్కానని ఈ పిల్లతో ఎలా చెప్పడం?

"ఆఁ... తెరిచే ఉందిలే."

నాగమల్లి మరి ఆ అర తెరవలేదు. మామ్మ మాట కదా. నమ్మేసింది.

ఇక్కడ ఊఁ కొట్టకు. ఇది ఊఁ కొట్టే చోటు కాదు.

మూడో రోజు బల్లి మళ్ళీ కనబడింది. అలవాటైన తప్పు చేతికి బరువనిపించదు. మామ్మ మూడో ముక్క కుక్కేసింది. ఆ సాయంత్రమే హైమవతి వీధిలో వాళ్ళని రొట్టె తినడానికి పిలిచింది. నాగమల్లి కూడా జడ గట్టిగా వేసుకుని, కొత్త టెస్టర్ పెట్టుకుని వచ్చింది. మంగతాయారు అందరికంటే ముందే వచ్చి కూర్చుంది.

ఓవెన్ వెలిగించారు. పావుగంట కాలేదు, టక్కున ఆగిపోయింది. అలమర చెక్క వేడెక్కి వార్నిషు వాసన వేసింది.

"నే చెప్పలే?" అంది మంగతాయారు. అంతే అంది. ఇంకేమీ అననక్కర్లేకపోయింది.

నాగమల్లి మొహం చిన్నబోయింది. గబగబా వెళ్ళి స్విచ్చి ఆపింది. "నా పనిలోనే ఏదో తప్పుందక్కా. పట్నం నుంచి పెద్ద మెకానిక్‌ని పిలిపించుకోండి. ఇలాంటి పనులు నేను ఇంక ఒప్పుకోను" అంటూ జడలోంచి టెస్టర్ లాగి సంచిలో పడేసింది.

మామ్మ ఆ జడ వంక చూసింది. అది బోసిపోయి ఉంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ పొయ్యి దగ్గర చెప్పిన మాట జ్ఞాపకం వచ్చింది. పొయ్యి నిండా కట్టెలు కూరితే నిప్పు మండదే, నిప్పుకీ ఊపిరాడాలి. ఏభై ఏళ్ళు పొయ్యి ఊదిన మనిషి ఆ సంగతి మరిచిపోయిందా? మరవలేదు. మరిచినట్టు ఊరుకుంది, అంతే.

బల్లిని చూసినా అంత గుండె దడ రాలేదు ఆవిడకి. అయినా లేచి నిలబడింది.

"ఆ పిల్ల పనిలో తప్పు లేదు. ఆ సందులో నేనే గుడ్డలు కుక్కాను. బల్లికి భయపడి. అడిగితే అబద్ధం కూడా చెప్పాను."

అప్పుడు అలమర పైనుంచి, టిక్ టిక్ టిక్.

"సత్యం" అంది మంగతాయారు, తెలియకుండానే చిటిక వేస్తూ. బల్లి పలికితే ఎంతటివాళ్ళయినా అలాగే అంటారు కదా.

అంతా చల్లారేదాకా ఆగి, నాగమల్లి పై అరలోంచి జాడీలు దించింది. సందులోంచి చీర ముక్కలు ఒక్కొక్కటే లాగింది. ఒకటి మామూలుగానే ఉంది. ఒకటి గరగరలాడుతోంది. అన్నిటికంటే అడుగున ఉన్నది మాత్రం అంచంతా దిబ్బరొట్టె రంగుకి తిరిగి ఉంది. దాన్ని చూసి హైమవతి అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నాగమల్లి ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. కోప్పడుతుందేమోనని మామ్మ తల వంచుకుంది.

"ఏంటండీ మామ్మగారూ, బల్లికి చీర పెట్టారా? రవికెల గుడ్డ మరిచిపోయారేం?"

ముందు మామ్మే నవ్వింది. ఆ తర్వాత అందరూ నవ్వారు. వేడి పోయే దారి లేక, కాలిపోకుండా ఓవెన్ తనే ఆగిపోయేదట.

"మరి ఆ బల్లో?" అంది మామ్మ నవ్వు ఆపుకుని, చిన్న గొంతుతో.

"ఓవెన్ వెలిగిస్తే ఆ వేడికి అదే పారిపోతుందండీ. వెలిగించే ముందు అలమర మీద రెండు దెబ్బలు కొట్టండి. అది గోడ మీదకి పోతుంది, మీరు కుర్చీ మీదకి పోనక్కర్లేదు."

అప్పుడు నాలుగోసారి పెట్టారు రొట్టెని. ఓవెన్ ఆగలేదు. దించే వేళకి మామ్మ అలవాటు కొద్దీ తడి మసిగుడ్డ పట్టుకొచ్చింది. నాగమల్లి దాన్ని లాక్కుని, దళసరి పొడి చేతి తొడుగులు ఇచ్చింది. తడిగుడ్డలో నీళ్ళు ఆవిరై చెయ్యి కాల్చేస్తాయట. తలుపు తీసేటప్పుడు ఎదురుగా కాకుండా పక్కకి నిలబడమంది. గుప్పున వచ్చిన వేడి గాలి పక్క నుంచి పోయింది. మూకుట్లో రొట్టె బంగారంలా ఉంది.

బెల్లం పాకం వేసి పెట్టారు. మామ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. ముప్పై ఏళ్ళ ఆకలి కదా, కాస్త టైము పట్టింది. మంగతాయారు మూడో ముక్క తింటూ, "మా ఇంట్లో గీజరు ముట్టుకుంటే జివ్వుమంటోందే నాగమల్లీ, ఒకసారి వస్తావా?" అంది.

"ముందు మెయిన్ ఆపించండి. ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. ఇప్పుడే వస్తున్నాను" అంది ఆ పిల్ల. మామ్మ సంచిలోంచి టెస్టర్ తీసి, తన చేత్తో జడలో పెట్టింది.

ఆ తర్వాత నుంచి ఓవెన్ వెలిగించినప్పుడల్లా పేరిందేవమ్మ అలమర మీద రెండు దెబ్బలు కొట్టేది. పై అర తలుపు తీసి, సందుకి దూరంగా అరచెయ్యి పెట్టి చూసేది. వెచ్చగా గాలి తగిలితే, "ఊపిరాడుతోంది" అనుకుని తృప్తిగా కూర్చునేది. పసిపిల్లలు నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తారే, అచ్చం అలా.

ఏదీ, నువ్వు ఊఁ కొట్టడం మానేశావేం? ముఖం మీద ఆ దుప్పటి తియ్యి. నీ ముక్కు దగ్గర వేలు పెట్టనీ.

ఆఁ. వెచ్చగా ఉంది. ఊపిరాడుతోంది.

కథ కంచి దారిలోకి,
కునుకు నీ కంటిలోకి,
బల్లి గోడ మూలలోకి,
గాలి సన్న సందులోకి,
మనం మనింటి దుప్పట్లోకి.