సగటు పరమాన్నం

మాణిక్యగిరిని ఏలే ప్రతాపకేసరికి బిరుదుల పిచ్చి. అప్పటికే పదకొండు ఉన్నాయి. అవన్నీ చదివేసరికి చదివేవాడి గొంతు ఎండిపోయేది. కొత్తగా కాలువ తవ్వించాక ఆయన మనసు పన్నెండోదాని మీద పడింది. ‘సమవృష్టి చక్రవర్తి.’ రాజ్యంలో అందరి చేలకీ సమంగా నీళ్లిచ్చినవాడని అర్థం.

బిరుదు ఊరికే తగిలించుకుంటే నలుగురూ నవ్వుతారని సభలో ఒక పందెం ప్రకటించాడు. కాలువ కింద నీళ్లందని చేను ఉందని ఆ పూట భోజనాలు ముగిసేలోగా తనను ఒప్పించినవాడికి కోరిన వరం ఇస్తాడు. ఒప్పించలేకపోతే ఒక పక్క మీసం గొరిగిస్తాడు.

కాలువ పెత్తనమంతా మంత్రి చింతామణిది. ఆయన తన మీసం ఒకసారి మెలేసి, అలాంటి చేనుంటే గొరిగేది తన మీసమేనని మాటిచ్చాడు. అది మామూలు మీసం కాదు. దానికి నూనె రాయడానికే ఇద్దరు పనివాళ్లున్నారు.

సభలో అందరూ ఎవరి మీసం వాళ్లు తడుముకుని ఊరుకున్నారు. కాలువ చిట్టచివరి ఊరు కొసపాడు నుంచి తన ఊరివాళ్లతో వచ్చిన ఓబుళమ్మ ఒక్కతే ముందుకొచ్చింది. ఆమెకు మీసం లేదు, కాబట్టి భయమూ లేదు.

“మా వరిచేలు పొట్టకొచ్చినాయి దొరా. ఈ వారంలో తడి అందకపోతే గింజ పట్టదు. అంతా తాలే,” అంది.

చింతామణి పుట్టి బుద్ధెరిగి పొలంలో కాలు పెట్టినవాడు కాదు. కంకి బయటికొచ్చే ముందు వరి పొట్టకొస్తుందని ఆయనకెలా తెలుస్తుంది?

“విన్నారా ప్రభూ, పొట్టకొచ్చాయట. చేలు కూడా కడుపునిండా తాగుతున్నాయి,” అన్నాడు.

సభ చప్పట్లు కొట్టింది. ఓబుళమ్మకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మళ్లీ మొదట్నుంచీ విడమరిచి చెప్పింది. కాలువ మొదట్లో మంత్రిగారి అత్తవారి ఊళ్లో చేలన్నీ మునిగి చేపలు తిరుగుతున్నాయనీ, తమ ఊరికొచ్చేసరికి కాలువలో పిల్లలు గోళీలాడుతున్నారనీ చెప్పింది.

మంత్రి చలించలేదు. ఆ చేలో నడుం లోతు ఉంటే ఉంది, ఈ చేలో లేకపోతే లేదు, మొత్తం మీద సగటున ప్రతి చేలోనూ మోకాలి లోతు నీళ్లున్నాయని తాటాకు తీసి చదివాడు. సగటంటే ఏమిటో రాజుకు తెలియదు. అడిగితే పరువు పోతుందని గంభీరంగా తలాడించాడు. కొసపాడువాళ్లను భోంచేసి వెళ్లమని సెలవిచ్చాడు.

అప్పుడు రాజుగారి బంతిలో వడ్డనలు చూసే పేరయ్య చేతులు కట్టుకుని లేచాడు. ఓబుళమ్మ మొహం చూస్తే అతనికి కడుపు తరుక్కుపోయింది, మంత్రి మొహం చూస్తే ఒళ్లు మండింది. పైకి మాత్రం ఎంతో వినయంగా, ఈ సగటనేది నీళ్లకేనా, వంటకాలకూ పనికొస్తుందా అని అడిగాడు.

“సగటు దేనికైనా సగటేనోయ్,” అన్నాడు చింతామణి.

“ఆ మాట చాలండి. నా మీసం పందెం,” అన్నాడు పేరయ్య.

మధ్యాహ్నం రెండు వందల విస్తళ్లు వేశారు. మొదటి విస్తరి రాజుగారిది, పక్కది మంత్రిగారిది. చివర్న, పశువులశాల వైపు తలుపు దగ్గర కొసపాడువాళ్లు. పప్పు, కూర, పులుసు ఎప్పటిలాగే రాజుగారి దగ్గర మొదలై కిందికి వెళ్లాయి. ఇక రాజుగారికి ప్రాణమైన బెల్లం పరమాన్నం రావాలి. ఆయన ఆకులో చోటు ఖాళీ చేసుకుని కూర్చున్నాడు.

పరమాన్నం పశువులశాల తలుపులోంచి వచ్చింది. కొసపాడువాళ్లకు విస్తరికి నాలుగేసి గరిటెలు పడ్డాయి. తర్వాతివాళ్లకు మూడు, ఆ పైన రెండు. అలా వచ్చి వచ్చి గంగాళం రాజుగారి ముందు ఆగేసరికి గరిటె అడుగుకు తగిలి ఖంగుమంది.

“నా పరమాన్నం ఏదిరా?” అన్నాడు రాజు.

“వడ్డించేశాం ప్రభూ. సగటున విస్తరికి రెండు గరిటెలు.”

“నా ఆకులో మెతుకు లేదు,” అని గొణిగాడు మంత్రి.

“తమరు తిన్నట్టే లెక్కండి. కావాలంటే తాటాకు మీద రాసిస్తాను.”

రాజు మొహం కందగడ్డలా అయింది. “లెక్క సరే, నా నాలుక తడవలేదే. అసలు నేనెక్కడ కూర్చున్నాననుకున్నావు?”

పేరయ్య తల వంచాడు.

“ఈ పూటకి తమరి విస్తరే కొసపాడు, ప్రభూ.”

బంతిలో నమిలేవాళ్లు నమలడం ఆపేశారు. అందరూ పేరయ్య మీసం వంక కాదు, మెడ వంక చూశారు.

ఇంతలో ఓబుళమ్మ లేచింది. దొప్పలో కాస్త పరమాన్నం పెట్టుకుని వచ్చి రాజు ఆకులో వంపింది. తమకు ఎక్కువే వచ్చిందని, తినమని చెప్పింది. రాజు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గులోంచే నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని పగలబడి నవ్వాడు.

ఆ పూటే ఆజ్ఞ వెళ్లింది. ఇక మీదట నీళ్ల వంతు కొసపాడుతో మొదలు. ఆ చేలు తడిసేదాకా మంత్రిగారి అత్తవారి తూము తెరవకూడదు. కంకులు పైకొచ్చేదాకా చింతామణి కొసపాడు కాలువ గట్టు మీదే కాపలా ఉండాలి. పన్నెండో బిరుదు పంట ఇంటికొచ్చాక చూద్దామన్నాడు రాజు.

పేరయ్యను వరం కోరుకోమన్నాడు. వడ్డన ఏ తలుపులోంచి మొదలుపెట్టాలో ఇకనుంచి తననే నిర్ణయించనివ్వమని కోరాడు. రాజు చాలాసేపు ఆలోచించి, పరమాన్నం రోజు తప్ప మిగతా రోజులకు ఒప్పుకున్నాడు.

మంగలి వచ్చి మంత్రిగారి ఎడమ మీసం తీసేశాడు. చింతామణి కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే పేరయ్య దగ్గరికెళ్లి ఓదార్చాడు.

“బాధపడకండి. సగటున తమరికి రెండు పక్కలా అరమీసం ఉన్నట్టే.”